జిమ్మీ కార్టర్: అంతగా చెప్పుకోని కొన్ని సంగతులు (ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికమీది పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారాలు.

అమెరికా 39వ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పేరెత్తగానే చాలామందికి గుర్తొచ్చేవి నాలుగే సంగతులు: వేరుశనగ రైతు, టెహ్రాన్‌లో బందీలైన అమెరికన్లు, 1980 ఎన్నికల్లో రీగన్ చేతిలో ఓటమి, 2002లో నోబెల్ శాంతి బహుమతి. ఈ నాలుగూ నిజమే, వీటి గురించి రాసినవీ కొల్లలుగా ఉన్నాయి కాబట్టి ఈ సాయంత్రం వాటి జోలికి ఎక్కువగా వెళ్ళను. వాటి చాటున ఉండిపోయిన కొన్ని ఘట్టాలను మీ ముందుంచుతాను. ఏ పని తలకెత్తుకున్నా దాని అడుగుదాకా దిగి, ప్రతి చిన్న వివరాన్నీ స్వయంగా చూసుకుంటే తప్ప కార్టర్‌కు తృప్తి ఉండేది కాదు. అధ్యక్షుడిగా ఆయనకు చెడ్డపేరు తెచ్చినదీ, పదవి దిగిన తర్వాత ఆయన చేత అంతకంటే పెద్ద పనులు చేయించినదీ ఈ ఒక్క గుణమేనని నా అభిప్రాయం.

ఆయన 1924 అక్టోబరు 1న జార్జియా రాష్ట్రంలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తల్లి లిలియన్ అక్కడి ఆసుపత్రిలో నర్సు కావడంతో కాన్పు కూడా అక్కడే జరిగింది. అమెరికా అధ్యక్షుల్లో ఆసుపత్రిలో పుట్టిన మొదటి వ్యక్తి ఆయనే. పెరిగింది మాత్రం పక్కనే ఉన్న ఆర్చరీ అనే పల్లెలో. ఇరుగుపొరుగు దాదాపు అందరూ నల్లజాతి వ్యవసాయ కూలీలు, ఆటపాటల్లో తోడు వాళ్ళ పిల్లలే. ఇంటికి కరెంటు వచ్చేసరికి ఆయనకు పదమూడు పద్నాలుగేళ్ళు. బడికి పోయే వయసు రాకముందే ఉడకబెట్టిన వేరుశనగకాయలు పొట్లాలు కట్టుకుని, రైలు పట్టాల వెంట నడిచి ప్లెయిన్స్ వీధుల్లో అమ్మేవారు. ఆ బడిలో జూలియా కోల్మన్ అనే ఉపాధ్యాయిని ఉండేవారు. మారుతున్న కాలానికి తగ్గట్టు మనం సర్దుకుపోవాలి, మారని విలువలను మాత్రం విడిచిపెట్టకూడదు అని ఆమె పిల్లలకు చెప్పిన మాటను కార్టర్ 1977లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజున ఆమె పేరు చెప్పి మరీ ఉటంకించారు, పాతికేళ్ళ తర్వాత నోబెల్ ప్రసంగంలోనూ మళ్ళీ తలచుకున్నారు. పల్లెటూరి బడిపంతులమ్మకు ఇంతకు మించిన గురుదక్షిణ ఏముంటుందో నాకు తెలియదు.

నౌకాదళ అకాడమీలో 1946లో చదువు పూర్తి చేసి ఆయన జలాంతర్గాముల విభాగంలో చేరారు. అణుశక్తితో నడిచే జలాంతర్గామిని అమెరికా అప్పుడప్పుడే తయారు చేస్తోంది, ఆ పని మొత్తానికీ సారథి హైమన్ రికోవర్. అభ్యర్థులను రికోవర్ స్వయంగా గదిలో కూర్చోబెట్టి రెండేసి గంటలు ప్రశ్నలతో వేయించేవారు. అకాడమీలో ఎన్నో స్థానం వచ్చింది అని ఆయన అడిగితే, 820 మందిలో 59వ స్థానమని కార్టర్ గర్వంగానే చెప్పారు. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ ఉండగా, నీ శక్తినంతా పెట్టి చదివావా అన్న ప్రశ్న వచ్చింది. అవునని చెప్పబోయి, తను అశ్రద్ధ చేసిన సందర్భాలు గుర్తొచ్చి, లేదండీ, అన్నివేళలా అలా చదవలేదు అని ఒప్పుకున్నారు. రికోవర్ చాలాసేపు ఆయన వైపు చూసి, కుర్చీ అటు తిప్పుకుని, ఎందుకు చదవలేదు అని ఒకే ఒక్క మాట అడిగారు. దానికి కార్టర్ దగ్గర జవాబు లేకపోయింది. ఉద్యోగం మాత్రం వచ్చింది. ఆ ప్రశ్నే తర్వాత ఆయన రాసిన ఆత్మకథకు పేరైంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన ఘట్టం ఒకటుంది. 1952 డిసెంబరు 12న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో చాక్ రివర్ అనే చోట ఉన్న ఎన్.ఆర్.ఎక్స్. అనే ప్రయోగాత్మక రియాక్టరు అదుపు తప్పింది. లోపలి ఇంధన కడ్డీలు కొన్ని కరిగిపోయాయి, రేడియోధార్మికత నిండిన నీళ్ళు లక్షల గ్యాలన్లు కింది అంతస్తులో చేరాయి. అణు రియాక్టర్ల చరిత్రలో అంత పెద్ద ప్రమాదం అప్పటిదాకా జరగలేదు. దాన్ని విప్పడానికి అలాంటి యంత్రాలపై పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళు కావాలి, ప్రపంచం మొత్తం మీద అప్పట్లో అలాంటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మందే. అమెరికా నౌకాదళం పంపిన బృందాల్లో ఒకదానికి ఇరవై ఎనిమిదేళ్ళ లెఫ్టినెంట్ కార్టర్ నాయకుడు.

పని ఎలా జరిగిందో చూడండి. రియాక్టరు దగ్గర ఒక మనిషి నిలబడగలిగిన సమయం సుమారు తొంభై సెకన్లు. ఆపైన నిలబడితే ఒంట్లో చేరే రేడియోధార్మికత అనుమతించిన హద్దు దాటిపోతుంది. తొంభై సెకన్లలో లోపలికి దిగి, సరైన బోల్టు ఎక్కడుందో వెతుక్కుని, పనిముట్టు తగిలించి విప్పి బయటికి రావడం ముందే చేయి తిరిగిన వాళ్ళకు తప్ప సాధ్యం కాదు. అందుకని దగ్గర్లో ఉన్న ఒక టెన్నిస్ కోర్టులో అచ్చం ఆ రియాక్టరు లాంటి నమూనాను అంతే పరిమాణంలో కట్టారు. ఒక్కో జట్టులో ముగ్గురు. ఏ బోల్టు ఎవరు విప్పాలో, ఏ చేత్తో ఏ పనిముట్టు పట్టుకోవాలో ఆ నమూనా మీద పదే పదే సాధన చేసి, తెల్లని రక్షణ దుస్తులు తొడుక్కుని అసలు రియాక్టరులోకి దిగేవారు. లోపల ఒక బోల్టు ఊడగానే, కెమెరాలో చూస్తున్న వాళ్ళు బయట నమూనాలోనూ అదే బోల్టు తీసేసేవారు, తర్వాత దిగే జట్టుకు లోపలి స్థితి ఉన్నదున్నట్టు కనిపించాలి కాబట్టి. కార్టర్ ఒడ్డున నిలబడి ఆజ్ఞలు ఇవ్వలేదు, తన వంతు తొంభై సెకన్లకు తానూ దిగారు. ఆ తర్వాత నెలల తరబడి ఆయన మలమూత్రాలను పరీక్షలకు పంపుతూనే వచ్చారు.

ఈ ఘట్టానికి పాతికేళ్ళు దాటాక ఒక తరువాయి ఉంది. 1979 మార్చి 28న పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి, చుట్టుపక్కల జనం ఇళ్ళు వదిలి వెళ్ళిపోతున్న సమయంలో, ఏప్రిల్ 1న దేశాధ్యక్షుడు భార్య రోజలిన్‌తో కలిసి ఆ కేంద్రానికే వెళ్ళి, కాళ్ళకు పసుపుపచ్చని రక్షణ తొడుగులు వేసుకుని కంట్రోల్ రూములో నిలబడ్డారు. ఫొటోల కోసం చేశారని అన్నవాళ్ళు ఉన్నారు. కరిగిన రియాక్టరులోకి వయసులో ఉన్నప్పుడే దిగి వచ్చిన మనిషికి అక్కడ ఏ మీటరు ఏం చెబుతోందో తెలుసుననే సంగతి ఆ విమర్శకులు ఆలోచించినట్టు లేదు.

1953లో తండ్రి క్యాన్సరుతో చనిపోయారు. నౌకాదళంలో మంచి భవిష్యత్తు ఉన్న ఉద్యోగాన్ని వదులుకుని కార్టర్ సొంతూరికి బయలుదేరడం రోజలిన్‌కు ఏమాత్రం ఇష్టం లేదు. ఆ ప్రయాణంలో కారులో పక్కపక్కనే కూర్చుని కూడా ఆమె భర్తతో నేరుగా మాట్లాడకుండా, ఏదైనా అవసరమైతే మీ నాన్నతో ఫలానా మాట చెప్పు అని పెద్దకొడుకు చేత చెప్పించేవారట. వెళ్ళిన మరుసటి ఏడాదే కరువు. ఏడాది కష్టానికి మిగిలిన లాభం మూడు వందల డాలర్లు కూడా లేదు. కాపురం ప్రభుత్వం కట్టించిన పేదల ఇళ్ళలో. నల్లజాతివారికి సమాన హక్కులు ఇవ్వకూడదని తెల్లవారు పెట్టుకున్న సంఘంలో చేరనన్నందుకు ఊరివాళ్ళు కొంతకాలం ఆయన వేరుశనగ గిడ్డంగి ముఖం చూడలేదు. అధ్యక్షుడైన తర్వాత ఆయన పొందిన గౌరవం కంటే ఈ రోజుల్లో ఆయన చూపిన మొండితనమే నాకు ఎక్కువగా నచ్చుతుంది.

ఆయన రాజకీయ ప్రవేశం కథ మన ఓటర్లకు కొత్తగా అనిపించదు. 1962లో జార్జియా రాష్ట్ర సెనేటుకు పోటీ చేశారు. లెక్కింపులో ముందంజలో ఉండగా, క్విట్‌మన్ కౌంటీలోని జార్జ్‌టౌన్ అనే చిన్న ఊరి ఓట్లు వచ్చి ఫలితం తారుమారైంది. ఆ ఊళ్ళో జో హర్స్ట్ అనే పెత్తందారు మాటే శాసనం. పోలింగ్ జరిగిన కార్యాలయంలో చాటు లేదు, గోప్యత లేదు. వచ్చిన ప్రతి ఓటరు పక్కనా హర్స్ట్ నిలబడి ఎవరికి వేయాలో వేలితో చూపించాడు. ఓటేసింది 333 మందైతే పెట్టెలో తేలిన ఓట్లు 420. ఓటర్ల జాబితా తెరిచి చూస్తే, వందమందికి పైగా వచ్చి అక్షరక్రమం తప్పకుండా ఒకరి వెనుక ఒకరు వరుసకట్టి ఓటేసినట్టు నమోదై ఉంది. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా ఓటేశారు.

కార్టర్ ఇంట్లో కూర్చుని బాధపడలేదు. ఓటర్ల ఇళ్ళకు వెళ్ళి, మీరు ఓటేశారా లేదా అని అడిగి, సంతకాలతో ప్రమాణపత్రాలు సేకరించారు. అట్లాంటా పత్రికా విలేఖరి జాన్ పెన్నింగ్టన్ ఆ వివరాలను ప్రచురించాకే రాష్ట్రం కళ్ళు తెరిచింది. హర్స్ట్‌కు ఎదురు తిరిగిన వాళ్ళ దుకాణాలు తగలబడిపోయాయి సుమా అనే హెచ్చరిక రోజలిన్ దాకా వచ్చింది. చివరకు న్యాయమూర్తి జార్జ్‌టౌన్ ఓట్లను కొట్టివేశారు, మరికొన్ని మలుపుల తర్వాత కార్టర్ నెగ్గారు. ఆ పెట్టె కథ ఆయన మనసులో ఎంత లోతుగా నాటుకుందో తెలియాలంటే 1989 మే నెలలో పనామాలో జరిగినది చూడాలి. నియంత నొరియేగా మనుషులు ఓట్ల లెక్కలు మార్చేస్తుంటే, పరిశీలకుడిగా వెళ్ళిన కార్టర్ లెక్కింపు కేంద్రంలో వేదిక ఎక్కి, మీరు నిజాయితీపరులా, దొంగలా అని అధికారులను స్పానిష్‌లో నిలదీశారు. ఆయన స్థాపించిన కార్టర్ సెంటర్ ఆ తర్వాత వందకు పైగా ఎన్నికలను పరిశీలించింది.

అధ్యక్ష పదవిలో ఉన్న 1977-81 కాలానికి వస్తే, వివరాల మీద ఈ పట్టుదల ఆయనకు కొంత చేటే చేసింది. వైట్‌హౌస్ టెన్నిస్ కోర్టులో ఎవరు ఎప్పుడు ఆడాలో కూడా అధ్యక్షుడే నిర్ణయిస్తారని, ఆయన ప్రసంగాలు రాసిన జేమ్స్ ఫాలోస్ బయటికి వచ్చాక రాసిన వ్యాసం దేశమంతా పాకింది. కార్టర్ దాన్ని ఖండించారు. అయినా దేశం ముందున్న పెద్ద ప్రశ్నల నడుమ ఆయన చిన్న కాగితాల్లో కూరుకుపోయేవారన్న విమర్శలో నిజం లేకపోలేదు. వాషింగ్టన్‌లో పదిమందిని కూడగట్టుకుంటేనే పని జరుగుతుంది, ఆ విద్య ఆయనకు అబ్బలేదు.

అదే గుణం ఫలించిన చోటు మేరీలాండ్ కొండల్లో అధ్యక్షుల విడిది అయిన క్యాంప్ డేవిడ్. 1978 సెప్టెంబరులో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ను పదమూడు రోజులు ఆ కొండల్లో ఉంచి చర్చలు జరిపారు. ఒప్పందం ముసాయిదాలను కార్టర్ స్వయంగా రాస్తూ, దిద్దుతూ, మళ్ళీ రాస్తూ వచ్చారు. చివరి రోజున జెరూసలేం గురించి అమెరికా రాయబోయిన లేఖ విషయంలో పేచీ వచ్చి బెగిన్ వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యారు. తన మనవల కోసం ముగ్గురు నాయకులూ ఉన్న ఫొటోల మీద సంతకం చేసి ఇమ్మని ఆయన అంతకుముందే అడిగి ఉన్నారు. కార్టర్ కార్యదర్శి ఇజ్రాయెల్‌కు ఫోను చేయించి ఆ పిల్లల పేర్లు కనుక్కున్నారు. ఎనిమిది ఫొటోల మీద ఎనిమిది పేర్లూ విడివిడిగా రాసి కార్టర్ వాటిని బెగిన్ బసకు స్వయంగా పట్టుకెళ్ళారు. ముభావంగా అందుకున్న బెగిన్, పైన ఉన్న పేరు చూసి ఆగి, ఒక్కొక్క పేరూ బయటికి చదువుతూ ఒక్కో బిడ్డ గురించీ చెబుతూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. మీ తాతగారూ నేనూ కలిసి శాంతి తెచ్చిన రోజు ఇది అని ఈ ఫొటోల మీద రాయాలనుకున్నాను అన్నారు కార్టర్. కొద్దిసేపటికే చర్చలు మళ్ళీ దారిలో పడ్డాయి. ఒప్పందం ఫొటోల వల్ల కుదిరిందని చెబితే అతిశయోక్తి అవుతుంది. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న ఈజిప్టు భూభాగం సినాయ్, అక్కడి వైమానిక స్థావరాలు, జెరూసలేం లేఖ, వీటన్నిటి మీదా పదమూడు రోజులు చేసిన చాకిరీ వల్ల కుదిరింది. కానీ తెగిపోబోయిన చోట ముడి పడింది మాత్రం ఆ ఎనిమిది పేర్లతోనే.

మన దేశంతో ఆయనకున్న సంబంధం గురించి రెండు మాటలు. తల్లి లిలియన్ 68 ఏళ్ళ వయసులో, 1966లో అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ సేవకురాలిగా బొంబాయి దగ్గరి విఖ్రోలికి వచ్చి, అక్కడి కార్మికుల కాలనీ వైద్యశాలలో పనిచేసి 1968లో తిరిగి వెళ్ళారు. కొడుకు అధ్యక్షుడై 1978 జనవరి 3న ఢిల్లీ సమీపంలోని దౌలత్‌పూర్ నసీరాబాద్ అనే హర్యానా గ్రామాన్ని చూడటానికి వెళితే, ఊరివాళ్ళు ఆ తర్వాత ఊరి పేరే కార్టర్‌పురి అని మార్చుకున్నారు. ఈ రెండు సంగతులనూ కలిపేసి ఆమె ఆ గ్రామంలోనే పనిచేసినట్టు చెప్పడం తరచుగా వింటుంటాం. ఆమె పనిచేసింది విఖ్రోలిలో. ఆ పర్యటనలో అంతా పూలదండల వ్యవహారమే అనుకోనక్కర్లేదు. తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి యురేనియం సరఫరా విషయంలో ప్రధాని మొరార్జీ దేశాయ్ పట్టు విడవకపోవడంతో, తిరిగి వెళ్ళాక ఆయనకు కటువుగా, కుండబద్దలు కొట్టినట్టు ఇంకో ఉత్తరం రాయాలని తన విదేశాంగ మంత్రితో కార్టర్ అన్న మాటలు మైకు ఆపకపోవడంతో విలేఖరులకు వినిపించాయి.

1981లో ఇంటికి చేరేసరికి, ట్రస్టుకు అప్పగించి వెళ్ళిన వ్యాపారం పది లక్షల డాలర్ల అప్పులో ఉంది. గిడ్డంగి అమ్మేశారు, పుస్తకాలు రాశారు, వైట్‌హౌస్ సిబ్బంది కానుకగా ఇచ్చిన పనిముట్లతో వడ్రంగం మొదలుపెట్టారు. 1982లో కార్టర్ సెంటర్ స్థాపించారు. అక్కడినుంచి మొదలైన పనే ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్పదని నేను నమ్ముతున్నాను.

నారికురుపు, అంటే గినియా పురుగు వల్ల వచ్చే జబ్బు, ఈ సభలోని పెద్దవారికి తెలిసే ఉంటుంది. కుంటల్లో, దిగుడు బావుల్లో నిలవ నీళ్ళలో ఉండే కంటికి ఆనని నీటి పురుగుల పొట్టలో ఈ గినియా పురుగు పిల్లలు ఉంటాయి. ఆ నీళ్ళు తాగిన మనిషికి ఏడాదిదాకా ఏమీ తెలియదు. ఆపైన ఎక్కువగా కాలి మీద ఒక పొక్కు లేచి, పగిలి, అందులోంచి మీటరు పొడవుదాకా ఉండే సన్నని తెల్లటి పురుగు బయటికి వస్తుంది. దాన్ని ఒక్కసారిగా లాగితే తెగిపోయి కాలంతా చీము పడుతుంది కాబట్టి, చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా వారాల తరబడి తీయాలి. మంట భరించలేక రోగి కాలు నీళ్ళలో పెడితే పురుగు వేల కొద్దీ పిల్లలను ఆ నీళ్ళలోకి వదులుతుంది, చక్రం మళ్ళీ మొదలవుతుంది. దీనికి మందు లేదు, టీకా లేదు. నీళ్ళు వడగట్టుకుని తాగడం, పుండు ఉన్నవాళ్ళను నీళ్ళలోకి దిగనీయకపోవడం, కుంటల్లో ఆ నీటి పురుగులను చంపే మందు వేయడం, ఇవే మార్గాలు.

మన దేశం 1980ల మొదట్లోనే సొంతంగా దీని నిర్మూలనకు పూనుకుంది. అప్పట్లో ఏడు రాష్ట్రాల్లో ఈ జబ్బు ఉండేది, ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. దిగుడు బావులు మూయించి, చేతి పంపులు వేయించి, ఇంటింటికీ తిరిగి రోగులను లెక్కపెట్టి, 1996లో రాజస్థాన్‌లో నమోదైన చివరి కేసుతో మనవాళ్ళు దీన్ని తుడిచిపెట్టారు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఈ ఘనత మన ఆరోగ్య కార్యకర్తలది. ప్రపంచవ్యాప్త ఉద్యమానికి 1986లో నడుం కట్టినవారు కార్టర్. అప్పటి అంచనా ప్రకారం ఆఫ్రికా, ఆసియాల్లో 21 దేశాల్లో ఏటా 35 లక్షల మంది దీని బారిన పడేవారు.

1988లో ఆయన ఘనా దేశంలోని డెంచిరా అనే ఊరికి వెళ్ళినప్పుడు ఒక యువతి చంటిబిడ్డను పొదువుకుని నిలబడి ఉన్నట్టు కనిపించి పలకరించడానికి దగ్గరికి వెళ్ళారు. అది బిడ్డ కాదు, వాచిపోయిన ఆమె రొమ్ము, అందులోంచి పురుగు బయటికి వస్తోంది. ఆ దృశ్యం తన మనసులోంచి ఎన్నడూ పోలేదని ఆయన చెబుతూ వచ్చారు. అప్పటినుంచి చాక్ రివర్‌లో చేసినట్టే పని అడుగుదాకా దిగారు. నీళ్ళు వడగట్టే మామూలు గుడ్డ వేడి తేమల్లో త్వరగా పాడైపోతోందని తెలిస్తే డ్యుపాంట్ సంస్థ చేత చిరకాలం మన్నే నైలాన్ బట్ట తయారు చేయించారు. పశువులు కాసుకునేవారి కోసం మెడలో వేలాడదీసుకుని నీళ్ళు పీల్చుకునే వడపోత గొట్టాలు పంపించారు. సూడాన్‌లో అంతర్యుద్ధం వల్ల కార్యకర్తలు పల్లెలకు వెళ్ళలేకపోతుంటే, 1995లో ఇరుపక్షాలనూ ఒప్పించి కొన్ని నెలల పాటు కాల్పులు ఆపించారు. ఒక జబ్బును తరమడానికి యుద్ధం ఆగిన సందర్భాలు చరిత్రలో బహు అరుదు. ప్రతి నెలా ఏ ఊళ్ళో ఎన్ని కేసులు వచ్చాయో ఆయన స్వయంగా లెక్క చూసేవారు, లెక్క పెరిగితే ఆ దేశాధినేతకు ఉత్తరం రాసేవారు. వైట్‌హౌస్‌లో తప్పుగా కనిపించిన అలవాటు ఇదే.

2015 ఆగస్టులో, క్యాన్సరు తన మెదడుకు పాకిందని ప్రకటించిన విలేఖరుల సమావేశంలో, ఇంకా ఏం చేయాలనుకుంటున్నారని అడిగితే, ఆఖరి గినియా పురుగు నా కంటే ముందు చావాలని కోరుకుంటున్నాను అన్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు పైగా జీవించి, నూరేళ్ళు నిండాక 2024 డిసెంబరు 29న కన్నుమూశారు. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద మనుషుల్లో నమోదైన కేసులు 15, అవి చాద్‌లోనూ దక్షిణ సూడాన్‌లోనూ వచ్చాయి. కోరిక పూర్తిగా తీరలేదు. ఇప్పుడు పెద్ద అడ్డంకి కుక్కలు. మనుషుల నుంచి తరిమిన పురుగు చాద్ లాంటి దేశాల్లో కుక్కల్లో చేరింది, పారేసిన చేపల పేగులు తిని అవి దాన్ని అంటించుకుంటున్నాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అందుకే అక్కడి పల్లెల్లో కార్యకర్తలు చేపల వ్యర్థాలను గుంటల్లో పూడ్పించే పనిలో, పుండు ఉన్న కుక్కలను నీళ్ళకు దూరంగా కట్టేయించే పనిలో ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇవ్వవలసిన దేశాలు ఇంకా ఆరు ఉన్నాయి: అంగోలా, ఇథియోపియా, చాద్, దక్షిణ సూడాన్, మాలి, సూడాన్. ప్రతి నెలా లెక్కలు కార్టర్ సెంటర్‌కు వస్తూనే ఉన్నాయి.

నమస్కారం.